ఇల్లు మారే ముందు నెల రోజులు: డబ్బాలు ఖాళీ చేస్తూ మళ్ళీ పొయ్యి దగ్గరికి

హైదరాబాద్‌లో ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇళ్ళలో వంట చాలాకాలంగా సగమే జరుగుతోంది. కుక్కర్‌లో అన్నం పెట్టేసి, వీధి చివరి కర్రీ పాయింట్ నుంచి పప్పు, వేపుడు, సాంబారు కవర్లలో తెచ్చుకోవడం అలవాటైపోయింది. ఇల్లు మారే తేదీ ఖాయమైతే ఆ సగం వంట కూడా ఆగిపోతుంది. అన్నిటికంటే ముందు వంటింటి సామానే అట్టపెట్టెల్లోకి వెళ్తుంది, నెల రోజులూ భోజనం ఫోన్ ఆర్డర్లతో గడుస్తుంది.

మా సలహా దీనికి పూర్తిగా ఎదురు. వంటిల్లు అన్నిటికంటే చివర సర్దండి. ఆ నెల రోజులూ ఇంట్లో ఉన్న సరుకులతోనే వండండి. వంట మీద విసుగు ఎక్కువగా పుట్టేది "ఇవాళ ఏం చేయాలి" అనే ప్రశ్న దగ్గరే. ఈ నెలలో ఆ ప్రశ్నకు జవాబు డబ్బాలే చెబుతాయి. అరలో సగం కిలో ఇడ్లీ రవ్వ, రెండు గుప్పెళ్ళ ఎర్ర కందిపప్పు, ఎప్పుడో తెచ్చిన బియ్యప్పిండి కనిపిస్తుంటే వాటితో ఏం చేయొచ్చో ఆలోచించడం హాయిగా ఉంటుంది. లారీ ఎక్కించే బరువు తగ్గుతుంది, దారిలో ఒలికేవీ తగ్గుతాయి.

కింది కొలతలన్నీ నలుగురికి. గ్లాసు అంటే 200 మిల్లీలీటర్లు, చెంచా అంటే 5, పెద్ద చెంచా అంటే 15 మిల్లీలీటర్లు.

30 రోజుల ముందు: అన్నీ కిందకి దించండి

ఒక ఆదివారం రెండు గంటలు చాలు. హాల్లో పాత పేపర్లు పరిచి అరల్లోని ప్రతి డబ్బా, పొట్లం, రబ్బరు బ్యాండు వేసిన సగం ప్యాకెట్టు దించండి. ఫ్రిజ్ తలుపులోని సీసాలు, ఫ్రీజర్ అడుగున గడ్డకట్టిన పొట్లాలు కూడా. ఒకే సరుకు రెండు మూడు చోట్ల బయటపడుతుంది. వెంటనే కలిపేయకండి. పాత మినప్పప్పులో పురుగు ఉంటే కలిపిన మర్నాటి నుంచి అది మొత్తం డబ్బాది అవుతుంది.

ముందు పరీక్ష. శనగపిండి చిటికెడు నాలుక మీద వేసుకోండి, చేదు తగిలితే పారేయండి. నువ్వులు, పల్లీలు, జీడిపప్పులో నూనె ఉంటుంది కాబట్టి గాలి తగిలి ముక్కిపోతాయి. ఆ వాసన వేయించినా పోదు, పైగా కూర మొత్తానికి పడుతుంది. బొంబాయి రవ్వ సన్నటి దారాలతో అల్లుకుని ఉండలు కట్టిందంటే లోపల పురుగు గూడు పెట్టినట్టే, జల్లించి వాడే ప్రయత్నం వద్దు. పప్పుల్లో అక్కడక్కడ పురుగు కనిపిస్తే ఎండలో మూడు నాలుగు గంటలు పరిచి, చెరిగి, అన్నిటికంటే ముందు వాడేయండి. ఆషాఢం దాటాక శ్రావణంలో మారేవాళ్ళకు ఎండ దొరక్కపోవచ్చు. అప్పుడు మూకుడులో సన్న సెగ మీద 5 నిమిషాలు వేయించి, పూర్తిగా చల్లార్చి డబ్బాకెత్తండి. వేడి మీద మూత పెడితే చెమ్మ పట్టి బూజొస్తుంది. ధనియాల పొడి, గరం మసాలా అరచేతిలో రుద్ది చూడండి. వాసన రాకపోతే కూరకు రంగు తప్ప ఇంకేమీ ఇవ్వవు.

తర్వాత మూడు కుప్పలు: తినేసేవి, తీసుకెళ్ళేవి, ఇచ్చేసేవి. తీసుకెళ్ళే కుప్ప చిన్నదిగా ఉండాలి. ఆవకాయ, మాగాయ, ఇంట్లో పట్టించిన కారం, ఊరి నుంచి వచ్చిన పసుపు, నెయ్యి, పోపుల డబ్బా. కొత్త చోట డబ్బు పెట్టినా అదే రుచి దొరకనివి ఇవే. అప్పడాలు, వడియాలు, చల్ల మిరపకాయలు దారిలో నలిగి పొడి అవుతాయి, వాటిని ఈ నెలలోనే వేయించుకు తినండి. సీలు తీయని ప్యాకెట్లలో మీరు తినలేనివి ఇంట్లో పనికి వచ్చే ఆమెకో, వాచ్‌మన్ కుటుంబానికో ఈ ఆదివారమే ఇచ్చేయండి. ఆఖరి రోజు దాకా ఆగితే ఇచ్చేది సగం ప్యాకెట్లు, గడువు తీరినవి అవుతాయి. తీసుకునేవాళ్ళకు అది ఇబ్బంది.

తినేసే కుప్పను కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. కిలోల్లో కాకుండా పూటల్లో రాస్తే లెక్క తెలుస్తుంది. కందిపప్పు పూటకు ముప్పావు గ్లాసు, అంటే కిలోకు ఏడు పూటలు. ఇడ్లీకి గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల రవ్వ, కిలో రవ్వ మూడు సార్లకు వస్తుంది. ఉప్మాకు గ్లాసున్నర బొంబాయి రవ్వ, కిలోకు నాలుగు టిఫిన్లు. అర కిలో అటుకులు దాదాపు రెండు టిఫిన్లు. ఇలా కూడితే 30 రోజుల కంటే ఎక్కువ పూటలు తేలడం మామూలే. తేలినదాన్ని బట్టి ఇచ్చేసే కుప్ప పెంచండి.

ఏం కొనాలి, ఏం మానాలి

నెల సరుకుల ఆర్డర్ ఆపేయండి. 5 లీటర్ల నూనె డబ్బా బదులు లీటరు, చివరి పది రోజుల్లో అర లీటరు ప్యాకెట్టు. ఉప్పు, చక్కెర, టీపొడి చిన్న ప్యాకెట్లే. బేగంబజార్‌కు వెళ్ళి కొత్త స్టీలు డబ్బాలు తెచ్చే ఆలోచన ఉంటే వాయిదా వేయండి. కొత్త ఇంటి అర లోతు, ఎత్తు కొలవకుండా కొన్న డబ్బాలు లోపల పట్టవు, తలుపు మూసుకోదు.

కూరగాయలు మాత్రం తాజాగా రావాలి. వాటి వల్లే పాత పప్పుకు ప్రాణం వస్తుంది. ఎర్రగడ్డ, మెహదీపట్నం, కూకట్‌పల్లి, వనస్థలిపురం, సరూర్‌నగర్, అల్వాల్‌లలో దగ్గరున్న రైతుబజార్‌కు మూడు రోజులకోసారి వెళ్ళండి. వారానికి సరిపడా ఒకేసారి తెస్తే మళ్ళీ ఫ్రిజ్ నిండుతుంది. పాలకూర, తోటకూర, చుక్కకూర, గోంగూర రెండేసి కట్టలు, టమాటా అర కిలో, పచ్చిమిర్చి, కొత్తిమీర, రెండు నిమ్మకాయలు. ఆకుకూర పప్పు చుట్టూ మొదటి వారం నడిచిపోతుంది.

ఇక్కడ ఒక తప్పు తరచూ జరుగుతుంది. చింతపండో, గోంగూరో పప్పుతో పాటే కుక్కర్‌లో వేసేస్తారు. పులుపు పప్పును మెత్తబడనివ్వదు. పాత పప్పయితే మరీ మొండికేస్తుంది. పప్పు మెదిగాకే పులుపు చేర్చాలి, లేదా ఆకును వేరుగా మగ్గించి కలపాలి.

వారం ఎలా నడపాలి

పెద్ద పట్టిక అక్కర్లేదు. డబ్బాలు వేగంగా ఖాళీ అయ్యేది పొద్దుటి టిఫిన్లలో. కాబట్టి రవ్వలు, పిండ్లు, అటుకులు ఉదయానికి, పప్పులు మధ్యాహ్నం డబ్బాలకు, కలిపిన అన్నాలు రాత్రికి అని విడదీయండి. రాత్రే మర్నాటి పప్పు నానబెట్టడం ఒక్కటి మరవకపోతే పొద్దున పొయ్యి దగ్గర 35, 40 నిమిషాల కంటే పట్టదు.

అడుగు బొడుగు మిగిలిన పప్పులన్నిటికీ మొదటి దారి మిశ్రమ పప్పుల అట్టు. గ్లాసు బియ్యం, అన్ని పప్పులూ కలిపి గ్లాసుంపావు. అందులో మినప్పప్పు కనీసం పావు గ్లాసు ఉండాలి, లేకపోతే అట్టు పెనం మీద విరుగుతుంది. శనగపప్పు పావు గ్లాసు దాటితే ఆరాక గట్టిపడుతుంది. నాలుగు గంటలు, ఏడాది దాటిన పప్పయితే ఆరు గంటలు నానబెట్టి, 5 ఎండుమిర్చి, అంగుళం అల్లం, చెంచా జీలకర్ర, చెంచాన్నర ఉప్పు వేసి బరకగా రుబ్బండి. పులియబెట్టక్కర్లేదు. మందంగా వేసి, మధ్యలో చిల్లు పెట్టి, అంచుల్లోనూ చిల్లులోనూ నూనె వేసి మూతపెట్టి కాల్చండి.

సర్వపిండి: బియ్యప్పిండి డబ్బా ఖాళీ చేయడానికి

ఈ నెలలో ఒక్క వంటే నేర్చుకునే ఓపిక ఉంటే ఇది నేర్చుకోండి. సర్వ అనే గిన్నెలో చేస్తారు కాబట్టి ఆ పేరు. కొన్నిచోట్ల గిన్నప్ప అనీ, తపాల చెక్క అనీ అంటారు. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, శనగపప్పు నాలుగూ ఒకేసారి తగ్గుతాయి, పిల్లలు వేలు పెట్టి చిల్లులు పొడవడానికి ఇష్టంగా వస్తారు.

రెండు గ్లాసుల బియ్యప్పిండికి గంట నానిన శనగపప్పు 3 పెద్ద చెంచాలు, వేయించి కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు పావు గ్లాసు, నువ్వులు 2 పెద్ద చెంచాలు, కారం చెంచాన్నర, ఉప్పు చెంచాంపావు, జీలకర్ర చెంచా, దంచిన వెల్లుల్లి 6 రెబ్బలు, సన్నగా తరిగిన ఉల్లికాడలు, కరివేపాకు, కొత్తిమీర. ముందు ఇవన్నీ పొడిగా కలిపి, తర్వాత నీళ్ళు కొద్దికొద్దిగా పోయండి. తడి బియ్యం పట్టించిన పిండికి మామూలు నీళ్ళు సరిపోతాయి. ప్యాకెట్టు పిండి పొడిగా ఉంటుంది కాబట్టి వేడినీళ్ళు కావాలి, దాదాపు ఒక గ్లాసు తాగుతుంది. ముద్ద చపాతీ పిండి కంటే కాస్త మెత్తగా, వేలితో నొక్కితే అంచులు పగలకుండా రావాలి.

అడుగు మందంగా ఉన్న మూకుడు లేదా గిన్నె చల్లగా ఉన్నప్పుడే రెండు చెంచాల నూనె రాసి, నారింజ పండంత ముద్దను లోపల అంచుల మీదకి కూడా ఎక్కేలా పలచగా వత్తండి. చిన్నవేలు మందం కంటే ఎక్కువ ఉండకూడదు. ఏడెనిమిది చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి చిన్న మంట మీద 8 నుంచి 10 నిమిషాలు. తిప్పక్కర్లేదు. పై భాగం మూత ఆవిరికే ఉడుకుతుంది. అంచులు గిన్నెను వదిలి, అడుగు ఎర్రబడితే అయినట్టే.

తేడా వచ్చేది ఎక్కువగా రెండో దానికే. గిన్నె అప్పటికే కాగి ఉంటుంది. దాంట్లో వత్తబోతే చెయ్యి కాలుతుంది, పిండి అంటుకున్న చోటే ఉడికిపోయి సాగదు. గిన్నెను బోర్లించి వెనకవైపు నీళ్ళు పోసి చల్లార్చి, తుడిచి మళ్ళీ నూనె రాయండి. రెండు గిన్నెలుంటే ఒకటి కాలుతుండగా రెండోది చల్లారుతుంది. రాయిలా గట్టిపడిందంటే మందంగా వత్తినా అయ్యుండాలి, మూత సరిగా కూర్చోకపోయినా అయ్యుండాలి. తీసేటప్పుడు పొడిపొడిగా విడిపోయిందంటే నీళ్ళు తక్కువ.

కిచిడీ, ఖట్టా, పచ్చిపులుసు

ఎర్ర కందిపప్పు, నువ్వులు, చింతపండు మిగిలిన ఇంట్లో హైదరాబాదీ పొద్దుటి భోజనం సిద్ధంగా ఉన్నట్టే. రెండు గ్లాసుల బియ్యం, అర గ్లాసు ఎర్ర కందిపప్పు కడిగి 20 నిమిషాలు నానబెట్టండి. నెయ్యి, నూనె కలిపి 3 పెద్ద చెంచాలు వేసి, షాజీరా, 4 లవంగాలు, 2 ఏలకులు, చిన్న దాల్చిన చెక్క, పొడవుగా తరిగిన ఉల్లిపాయ వేయించండి. చెంచా అల్లం వెల్లుల్లి ముద్ద, అర చెంచా పసుపు, 3 పచ్చిమిర్చి, నాలుగున్నర గ్లాసుల నీళ్ళు, ఉప్పు. నీళ్ళు మరిగాక బియ్యం, పప్పు వేసి, పైన నీళ్ళు ఇంకేదాకా పెద్ద మంట, తర్వాత మూతపెట్టి అతి చిన్న మంట మీద 10 నిమిషాలు. మెతుకు విడివిడిగా ఉండాలి. ముద్దయితే కిచిడీకి ఖట్టా అనే చింతపండు, నువ్వుల పులుసు తోడు నప్పదు.

ఖట్టాకు 3 పెద్ద చెంచాల నువ్వులు, 2 పెద్ద చెంచాల పల్లీలు, చెంచా జీలకర్ర విడివిడిగా వేయించి నూరండి. కలిపి వేయిస్తే పల్లీ వేగేసరికి నువ్వు మాడి చేదెక్కుతుంది. నిమ్మకాయంత చింతపండు, అంటే 30 గ్రాములు, రెండు గ్లాసుల నీళ్ళలో పిసికి, వడకట్టి, నూరిన ముద్ద కలిపి, పచ్చి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర వేసి, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెట్టండి. అప్పడాలు ఈ పూటే తీసేయొచ్చు.

ఇదే చింతపండును నాలుగు గ్లాసుల నీళ్ళకు పలచన చేసి, మంట మీద కాల్చిన రెండు పచ్చిమిర్చి, ఉల్లిపాయ ఉప్పుతో కలిపి చేత్తో నలిపి, రెండు చెంచాల నువ్వుల పొడి, చిన్న బెల్లం ముక్క వేస్తే పచ్చిపులుసు. గిన్నెలు సగం సర్ది ఉన్న రోజుల్లో ఇంతకంటే ఆదుకునేది లేదు. అన్నం ఉడికేలోపు అయిపోతుంది, పోపు గరిటె తప్ప పొయ్యి మీద ఏమీ పెట్టక్కర్లేదు.

గోధుమపిండి, బెల్లం మిగిలాయా? ఆరు చపాతీలు వేడి మీదే తుంచి, మిక్సీలో రెండు తిప్పులు తిప్పి, 120 గ్రాముల తురిమిన బెల్లం, రెండు పెద్ద చెంచాల నెయ్యి, ఏలకుల పొడి కలిపి ఉండలు చుడితే మలీద ముద్దలు. చల్లారిన చపాతీతో చేస్తే బెల్లం కరగక ఉండ నిలవదు.

పెద్దవాళ్ళ చేతి కొలతను కాగితం మీదకి

అమ్మో, అత్తయ్యో పాత ఇంట్లోనే, పాత ఊళ్ళోనే ఉండిపోతుంటే ఈ పని రెండో వారంలోనే మొదలుపెట్టండి. మిగతావన్నీ తర్వాత కొనుక్కోవచ్చు, ఇది కొనలేం. "ఉప్పు ఎంత?" అని అడిగితే "తగినంత" అంటారు. అందుకే అడగకండి, తూచండి. గ్రాము తేడా చూపించే వంటింటి త్రాసు మీద ఉప్పు డబ్బా మొత్తంగా పెట్టి అంకె రాసుకోండి. ఆమె ఎప్పటిలా చేత్తో తీసి వేసుకున్నాక మళ్ళీ అంకె చూడండి. తేడాయే ఆమె కొలత. కారం, చింతపండు, నూనె సీసా అన్నీ ఇలాగే. ఆమె వేగం ఆగదు, చేతికి అడ్డు రాదు. పోపు ఏ రంగు దగ్గర దించారో, పులుసు ఎన్ని నిమిషాలు మరిగిందో ఫోన్‌లో వీడియో తీయండి. ఒకే వంటను రెండుసార్లు తూచి సగటు తీసుకుంటే నమ్మకంగా ఉంటుంది. నాలుగు వంటలు చాలు. వారంలో మీరు తరచూ తినేవే ఎంచుకోండి, పండగ వంటలు తర్వాత.

గ్యాస్ లెక్క

ఇంటి సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్ వస్తుంది. ఖాళీ సిలిండర్ బరువు దాని మెడ దగ్గరి పట్టీ మీద ముద్రించి ఉంటుంది. మొత్తం తూచి ఆ అంకె తీసేస్తే మిగిలింది ఎంతో తెలుస్తుంది. త్రాసు లేకపోతే తడిగుడ్డతో నిలువునా తుడిచి రెండు నిమిషాలు చూడండి. పైభాగం త్వరగా ఆరుతుంది, ద్రవం ఉన్న మేర తడి నిలుస్తుంది. చివరి వారంలో కొత్త సిలిండర్ బుక్ చేయాల్సి రాకుండా దీన్ని చూసి వంటలు సర్దుకోండి. గంటల తరబడి ఉడికేవి, వేపుళ్ళు ముందు వారాల్లో, పచ్చిపులుసు లాంటివి చివర్లో.

హైదరాబాద్‌లోనే వేరే ప్రాంతానికి మారితే అదే కంపెనీ కొత్త ఏజెన్సీకి కనెక్షన్ బదిలీ చేయించుకోవచ్చు, సిలిండర్, రెగ్యులేటర్ మీ దగ్గరే ఉంటాయి. వేరే ఊరికి వెళ్తుంటే రెండూ ఏజెన్సీలో అప్పగించి, డిపాజిట్ వెనక్కి తీసుకుని, వాళ్ళిచ్చే కాగితం కొత్త ఊళ్ళో చూపించాలి. మొదట కనెక్షన్ తీసుకున్నప్పుడు ఇచ్చిన వోచర్ ఎక్కడుందో ఇప్పుడే వెతకండి. అది దొరక్క ఆఖరి రోజున పరుగులు పెట్టేవాళ్ళే ఎక్కువ. సిలిండర్‌ను సామాను లారీలో ఎక్కించొద్దు.

కొత్త అపార్ట్‌మెంట్‌లో పైపు గ్యాస్ ఉంటే మీ పొయ్యి ఉన్నది ఉన్నట్టు పనికి రాదు. పైపు గ్యాస్‌కు ఒత్తిడి తక్కువ, బర్నర్‌లోకి గ్యాస్ వదిలే జెట్ రంధ్రం పెద్దది కావాలి. సిలిండర్ పొయ్యిని అలాగే తగిలిస్తే మంట నీరసంగా ఉంటుంది. పైపు గ్యాస్ పొయ్యిని సిలిండర్‌కు తగిలిస్తే మంట పసుపుగా ఎగసిపడుతుంది, అది ప్రమాదం. జెట్లు మార్చే పని టెక్నీషియన్‌దే.

చివరి వారం: సర్దే వరుస

ముందు అరుదుగా వాడేవి వెళ్ళాలి. పెద్ద డేగిసాలు, పండగ పళ్ళేలు, జంతికల గొట్టం, అదనపు డబ్బాలు. తర్వాత వెట్ గ్రైండర్. దాని రాళ్ళు తీసి విడిగా చుట్టండి, లోపలే ఉంచితే కుదుపులకు డ్రమ్ము సొట్టపోతుంది. ఇనుప పెనం కడిగి, పొయ్యి మీద పూర్తిగా ఆర్చి, పలచగా నూనె రాసి పేపర్లో చుట్టకపోతే వారంలో తుప్పు పడుతుంది. కుక్కర్ మూత, గ్యాస్కెట్, విజిల్ వేరుగా ఒక కవర్లో. స్టీలు డబ్బాల్లో సరుకు ఉంచి పంపితే మూతలు ఎగిరిపోతాయి, ఖాళీ చేసి ఒకదాంట్లో ఒకటి పెట్టండి. వంటింటి అట్టపెట్టెలు చిన్నవే వాడండి, 15 కిలోలు దాటితే అడుగు ఊడుతుంది. వాటర్ ప్యూరిఫయర్‌ను టెక్నీషియన్‌తో ఊడదీయించి ట్యాంకు నీళ్ళు వంపేయండి. ఫ్రిజ్‌ను ముందు రోజు ఉదయమే ఆపి, మంచు కరిగించి, తుడిచి తలుపు తెరిచి ఉంచండి. నిలువుగానే తీసుకెళ్ళాలి. కొత్త చోట దించాక నాలుగు గంటలు ఆగి స్విచ్ వేయండి, అప్పటికి కంప్రెసర్ నూనె కిందకి దిగుతుంది.

పచ్చళ్ళకు విడిగా శ్రద్ధ కావాలి. ఆవకాయను జాడీలోనే పంపితే గుడ్డ కట్టినా నూనె కారుతుంది. పొడిగా ఆరిన వెడల్పు మూతి సీసాల్లోకి తడి లేని గరిటెతో మార్చి, ముక్క బయటకు రాకుండా అదిమి, పైన వేలెడు మందాన నూనె తేలేలా చూసి, రెండు వేళ్ళంత ఖాళీ వదలండి. అంచుల దాకా నింపితే ఎండకు నూనె వ్యాకోచించి మూత సందుల్లోంచి వస్తుంది. మూత కింద పాలిథిన్ కాగితం, బిగించాక చుట్టూ టేపు, అన్నీ నిలువుగా ఒక బకెట్‌లో. ఖాళీ జాడీలో చీరలో, తువ్వాళ్ళో కుక్కి పంపండి. మారేది మే నెలలో అయితే కొత్త ఆవకాయ ప్రయాణం వారంలో కలపకండి. మూడో రోజు తిరగకలిపేదాకా అది కదలకుండా ఒకచోట ఊరాలి. రెండు వారాల ముందైనా పెట్టండి, కొత్త ఇంట్లోనైనా పెట్టండి.

ఒక పెట్టె మాత్రం లారీ ఎక్కకూడదు, మీతోనే రావాలి. మూడు లీటర్ల కుక్కర్, చిన్న మూకుడు, పాలగిన్నె, చాకు, గరిటె, నాలుగు కంచాలు, నాలుగు గ్లాసులు, పోపుల డబ్బా, కిలో బియ్యం, పావు కిలో పెసరపప్పు, ఉప్పు, చక్కెర, టీపొడి, బెల్లం, చిన్న నెయ్యి సీసా, చింతపండు, లైటర్‌తో పాటు అగ్గిపెట్టె, రెండు పాత గుడ్డలు, గిన్నెల సబ్బు.

బయల్దేరే పొద్దున సద్ది

పులిహోర పులుసు రెండు రోజుల ముందే చేసిపెట్టుకోవచ్చు. 60 గ్రాముల చింతపండు గుజ్జును 5 పెద్ద చెంచాల నూనెలో, చెంచా పసుపు, 5 చీల్చిన పచ్చిమిర్చి, రెండు చెంచాల ఉప్పు, కొద్దిగా బెల్లంతో నూనె అంచులకు తేలేదాకా, అంటే 12 నుంచి 15 నిమిషాలు మగ్గించండి. తొందరపడి దించితే పచ్చి పులుపు నాలుకకు తగులుతుంది, నిల్వ కూడా ఉండదు. బయల్దేరే ఉదయం రెండు గ్లాసుల బియ్యానికి మూడున్నర గ్లాసుల నీళ్ళతో పొడిగా వండి, వెడల్పు పళ్ళెంలో పరిచి, చెంచా నూనె, పచ్చి కరివేపాకు వేసి ఆరనివ్వండి. చల్లారాకే పులుసు కలపండి. వేడి మీద కలిపితే మెతుకు విరుగుతుంది, వేడిగా డబ్బాకెత్తితే ఆవిరి నీరై మధ్యాహ్నానికే పాసిపోతుంది. పల్లీలు, శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ పోపు చివర్లో. ఉల్లిపాయ, కొబ్బరి వేయొద్దు. ఇలా చేస్తే రాత్రి భోజనం దాకా ఉంటుంది. పెరుగన్నం కూడా కావాలంటే అన్నాన్ని వేడి పాలతో మెదిపి, చల్లారాక రెండు చెంచాల పెరుగు మాత్రమే కలపండి. తినే వేళకు అది తోడుకుని కమ్మగా ఉంటుంది. ముందే పెరుగు ఎక్కువ పోస్తే ఎండకు పుల్లబడుతుంది.

కొత్త పొయ్యి

పాలు పొంగించే ముందు గ్యాస్ చూడండి. రెగ్యులేటర్ దగ్గర, పైపు రెండు కొసల దగ్గర సబ్బు నురగ రాస్తే లీకున్న చోట బుడగలొస్తాయి. అగ్గిపుల్లతో ఎప్పుడూ పరీక్షించొద్దు. సురక్షా పైపు వయసు 5 ఏళ్ళు దాటితే మార్చేయండి. వాసన వస్తే కిటికీలు తెరిచి, స్విచ్‌లు తాకకుండా బయటకు వచ్చి 1906కు ఫోన్ చేయండి.

పాలు పొంగాలంటే చిన్న గిన్నె కావాలి. లీటరు గిన్నెలో పావు లీటరు పోస్తే ఎంతసేపు నిలబడినా అంచు దాటవు. గిన్నె ముప్పావు వంతు నిండాలి, మంట మధ్యస్థంగా ఉండాలి, గరిటె పెట్టకూడదు. పైన మీగడ కట్టి ఆవిరిని ఆపితేనే పాలు పైకి లేస్తాయి.

ఆ పాలకు మరికొన్ని కలిపి లీటరు చేసి, కడిగిన అర గ్లాసు బియ్యం వేసి, చిన్న మంట మీద మెతుకు మెదిగేదాకా ఉడికించి దించేయండి. 160 గ్రాముల బెల్లాన్ని కొద్ది నీళ్ళలో కరిగించి, వడకట్టి, పరమాన్నం కాస్త చల్లారాక కలపండి. పొయ్యి మీద ఉండగా బెల్లం వేస్తే పాలు విరుగుతాయి.

మొదటి వారం పప్పు ఉడక్కపోతే పప్పును తప్పుపట్టకముందు నీళ్ళు చూడండి. నగరంలో చాలా అపార్ట్‌మెంట్లలో వంటింటి కుళాయికి బోరు నీళ్ళే వస్తాయి. వాటిలోని సున్నం పప్పు పొట్టును, గుజ్జును గట్టిపరుస్తుంది, నాలుగు విజిల్స్ వచ్చినా గింజ గింజగానే ఉంటుంది. ఒకే పప్పును అర గ్లాసు కుళాయి నీళ్ళతో, అర గ్లాసు తాగే నీళ్ళతో వేరువేరు గిన్నెల్లో కుక్కర్‌లో పెట్టి చూడండి. తేడా కనిపిస్తే పప్పు నానబెట్టడానికీ ఉడికించడానికీ తాగే నీళ్ళే వాడండి. అన్నానికి కూడా మొదటి మూడు రోజులు అర గ్లాసే వండి, నీళ్ళ కొలత కుదిరాక డబ్బా మూత మీద రాసి అంటించండి. పచ్చడి సీసాలు తెరిచి, ముక్కలు అదిమి, నూనె కిందకి దిగి ఉంటే నువ్వుల నూనె కాచి పూర్తిగా చల్లార్చి పైన పోయండి, అప్పుడే జాడీలోకి మార్చండి.